వెనుక చూడుడు

కత్తెరక్క దగ్గర కత్తెర లేదు. ఉన్నదల్లా ఒక పాత కంప్యూటరు, ఎడమ బొత్తాం అరిగిపోయిన మౌసు, సొరుగులో గుండుసూదుల డబ్బా. అయినా ఆ ఆఫీసులో కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ఎవరినడిగినా ఆమె అసలు పేరు చెప్పలేరు. అది జీతాల జాబితాలో ఉంటుంది, అంతే. పదకొండేళ్ల కిందట పిల్లల సంక్షేమ శాఖ పాత ఫైళ్లన్నీ స్కాన్ చేయించి, "వీటిని ఎవరివి వాళ్లకు విడగొట్టాలి, ఓపికున్న వాళ్లెవరు?" అని పై అధికారి మీటింగులో అడిగితే, అందరూ ఒక్కసారిగా ముందున్న కాగితాల్లోకి తలలు దించేశారు. దించడం ఒక్క క్షణం ఆలస్యమైన మనిషి ఈమె. పని ఆమె నెత్తిన పడింది. చేసేది కోత కాబట్టి కత్తెర, వయసుకు మర్యాదగా అక్క.

ఆ పని సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఆమె చేసిన తప్పు అర్థం కాదు. ఎప్పుడో మూసేసిన పిల్లల ఇల్లు ఒకటుంది. అమ్మానాన్నలు లేని వాళ్లు, ఉన్నా సాకలేని వాళ్లు అందులో పెరిగారు. పందొమ్మిది వందల చిల్లర మంది. వాళ్ల కాగితాలు గోనెసంచుల్లో వచ్చాయి. స్కాన్ చేసే కాంట్రాక్టరు మనుషులు దారాలు విప్పి, ఏది ఎవరిదో చూడకుండా మిషన్లో పోసేశారు. వెయ్యేసి పేజీల పీడీఎఫ్‌లు నలభై రెండు తయారయ్యాయి. కత్తెరక్క వాటిని తల్లి ఫైళ్లు అంటుంది. తల్లి ఫైలు తెరిచి, పేజీలన్నీ అగ్గిపెట్టెలంత బొమ్మలుగా తెర మీద పరుచుకుని, ఈ పేజీ నుంచి ఈ పేజీ దాకా ఒక బిడ్డ అని అంకెలు కొట్టి, స్ప్లిట్ అన్న బొత్తాం నొక్కితే పిల్ల ఫైలు విడిపడుతుంది. దానికి ఆ బిడ్డ నంబరు పెట్టి పక్కన పెట్టాలి. మళ్లీ తర్వాతి బిడ్డ.

ఎక్కడ కొయ్యాలో తెలియడమే ఇందులో విద్య. ఆ ఇంట్లో కొత్త కాగితాన్ని ఎప్పుడూ పైన పెట్టేవాళ్లు. కాబట్టి ఒక బిడ్డ కట్టలో అన్నిటికంటే పాతది, ఆ బిడ్డను చేర్చుకున్న రోజున రాసిన చేరిక కాగితం, అడుగున ఉంటుంది. అది కనబడిందంటే అక్కడికి ఆ బిడ్డ అయిపోయినట్టు. దాని తర్వాత కోత. కాగితం మూలన కొత్త నంబరు కనబడితే కొత్త బిడ్డ. గోడకు మూడు రూళ్లు అంటించి ఉండేవి. ఒక బిడ్డకు ఒక ఫైలు. ఖాళీ పేజీలు తొలగించవలెను. విడగొట్టిన పిదప మూల ఫైలును చెరిపివేయవలెను.

మొదటి రెండూ ఆమె తు.చ. తప్పకుండా పాటించింది. మూడోది పాటించలేదు. తల్లి ఫైళ్లన్నిటినీ ఒక డిస్కులోకి ఎక్కించి, సొరుగులో గుండుసూదుల కింద దాచేసింది. ఎందుకు దాచావని ఎవరైనా అడిగితే ముందు జాగ్రత్తకని చెప్పేది. అది అబద్ధం. ఆ ఏడే వాళ్లమ్మ పోయింది. తల్లి అని తనే పేరు పెట్టినదాన్ని చెరిపెయ్యడానికి చెయ్యి రాలేదు, అంతే సంగతి.

పద్నాలుగు నెలలు పట్టింది కోత పూర్తవడానికి. పందొమ్మిది వందల కోతల్లో ఒక్కటి కూడా తప్పలేదని ఆమెకు లోపల్లోపల గర్వం. పైకి చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ లేరు. ఒక్కతే సంతానం, పెళ్లి కుదిరినట్టే కుదిరి రెండుసార్లు తప్పిపోయింది, మూడోసారి ఎవరూ ప్రయత్నించలేదు. బతికున్న రోజుల్లో వాళ్ల పిన్ని ఆమెను ఒంటికాయ శొంఠికొమ్ము అనేది, ముద్దుగానే. ఆ ముద్దు చేసే పిన్ని కూడా పోయింది. రెండో అంతస్తులో ఒక గది, రెండు కంచాలు. ఒకటి వాడుతుంది, రెండోది వారానికోసారి దుమ్ము తుడుస్తుంది. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది, రాంగ్ నంబరని తెలిశాక కూడా అవతలి వాళ్లు పెట్టేసేదాకా తను పెట్టదు.

మాట్లాడటానికి ఆమెకు ఫైళ్లే దిక్కు. 847 కుక్కలకు భయపడేది. 1310 సుద్దముక్కలు తినేవాడు. 96కు పాలపళ్లు ఊడినప్పుడు వార్డెన్ ఎందుకో ఆ సంగతి ప్రత్యేకంగా రాసి పెట్టింది. బస్సులో సరైన వయసు మనిషి ఎదురుగా కూర్చుంటే, ఈయన 1310 ఏమో, ఇప్పుడు సుద్ద మానేశాడో లేదో అనుకుంటుంది. ఇంతమంది బాల్యం ఆమెకు కంఠతా వచ్చు. ఆమె మధ్యాహ్నం తిన్నదో లేదో మాత్రం ఎవరికీ తెలియదు. ఇది చెప్పుకుంటే నవ్వులాటగా ఉంటుంది కానీ, సాయంత్రం గది తాళం తీసేటప్పుడు ఆమెకు నవ్వు రాదు.

ఆ ఇంట్లో పెరిగినవాళ్లు పెద్దవాళ్లై అప్పుడప్పుడూ వస్తారు. దరఖాస్తు పెట్టుకుంటే ఎవరి ఫైలు వాళ్లకు అచ్చు తీసి ఇవ్వాలి. ఇంకొకరి ఊసెత్తకూడదని రూలు. అచ్చు తీసి ఇచ్చే పని కూడా కత్తెరక్కదే. ఆ గదికి ఒకే కిటికీ, దానికెదురుగా పక్క భవనం గోడ. వచ్చినవాళ్లకు ఒకే కుర్చీ. ఇద్దరు కలిసి వచ్చిన సందర్భం ఎప్పుడూ లేదు కాబట్టి రెండో కుర్చీ అవసరం పడలేదు.

ఆరేళ్ల కిందట అలా ఒక వెల్డరు వచ్చాడు. పాతికేళ్లుంటాయి, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. అతని నంబరు 213. ఫైలంతా కలిపి నాలుగు పేజీలు.

"ఇంతేనా అండీ?" అన్నాడు. "మిక్సీ కొంటే ఇచ్చే కాగితాలు ఇంతకంటే ఎక్కువుంటాయి."

"కొందరివి అంతే ఉంటాయండీ."

మొదటి పేజీ అచ్చు ఫారం కాదు. తెల్ల కాగితం మీద పెన్నుతో గీతలు గీసి నింపినది. బాలుడు, వయసు సుమారు రెండున్నర. తల్లి పేరు: పైదే. తండ్రి పేరు: పైదే. తీసుకువచ్చిన వారు: పైదే. తేదీ: పైదే. అతను వేలు పెట్టి ఒక్కో గడీ చదువుకుంటూ వచ్చి తలెత్తాడు.

"పైదే అంటే ఏంటండీ?"

నాకు తెలియదండీ అంటే సరిపోయేది. కానీ ఆఫీసు కుర్చీలో కూర్చున్న మనిషి ఆ మాట అనడానికి నామోషీ పడుతుంది. "పాత గుమస్తాల అలవాటండీ. వివరాలు తెలియకపోతే అలా రాసి వదిలేస్తారు" అంది కత్తెరక్క. ఆ సంగతి ఆమె ఎక్కడా చదవలేదు, ఆమెకెవరూ చెప్పలేదు. అప్పటికప్పుడు నోటికొచ్చింది, అనేసింది.

"అంటే పైవాడికే ఎరుక అన్నమాట." అతను నవ్వాడు. నవ్వి, కాగితాలు మడిచి, "అయితే నాకెవరూ లేనట్టే" అన్నాడు.

"ఫైల్లో లేరండీ."

సందర్శకుల రిజిస్టరులో తల్లి పేరు, తండ్రి పేరు గడులు ఖాళీగా వదిలేసి, సంతకం పెట్టి, చివరి గడిలో ఇంకేదో కూడా రాసి వెళ్లిపోయాడు. అది రిమార్కుల గడి. ఆ గడి చదివిన పాపాన ఏ ఆఫీసులోనూ ఎవరూ పోరు. కత్తెరక్క రిజిస్టరు మూసేసింది.

మొన్న ఒక మంగళవారం పొద్దున ఒకావిడ వచ్చింది. ముప్పై దాటి నాలుగైదేళ్లుంటాయి. కుట్టుపని. కొలత టేపు మెళ్లోనే ఉండిపోయింది, తీసి రావడం మర్చిపోయినట్టుంది. నంబరు 212. కుర్చీ అంచున కూర్చుని, కత్తెరక్క ఇంకా ఫైలు తెరవకముందే మొదలుపెట్టింది.

"అమ్మా, ముందే ఒక మాట. నాకో తమ్ముడుండాలి."

"ఉండాలి అంటే?"

"నాకు గుర్తుంది. నేనెక్కడికెళితే అక్కడికి నా గౌను అంచు పట్టుకుని వచ్చేవాడు. ఆ అంచు నోట్లో పెట్టుకుని చప్పరించేవాడు, ఎప్పుడూ తడిగా ఉండేది. మొహం గుర్తు లేదు. ఆ తడి గుర్తుంది. నాకు ఏడేళ్లప్పుడు ఒకళ్లు పెంచుకోవడానికి తీసుకెళ్లారు. మంచివాళ్లే. ఆ అమ్మనడిగితే, నువ్వొక్కదానివే ఉన్నావే అక్కడ అనేది. మా ఆయనేమో చిన్నప్పుడు అందరూ ఏదో ఒకటి ఊహించుకుంటారు, వదిలెయ్యి అంటాడు. ఇన్నాళ్లూ నేనొప్పుకోలేదు. ఈమధ్య నాకే అనుమానం వస్తోందమ్మా. కాగితాల్లో లేకపోతే లేడని చెప్పెయ్యండి. ఇక వెతకడం మానేస్తాను."

కత్తెరక్క ఫైలు తెరిచింది. పదిహేడు పేజీలు. పెంపకం కాగితాలు, బడి రిపోర్టు, పొంగు పోసినప్పటి డాక్టరు చీటీ, అడుగున చేరిక కాగితం. ఎదురుగా ఉన్న మనిషి ఊపిరి బిగబట్టి కూర్చుంది కాబట్టి, ప్రతి పేజీ రెండుసార్లు చదివింది. చేరిక కాగితంలో తల్లి పేరుంది, తండ్రి పేరుంది, తెచ్చి అప్పగించిన దూరపు బంధువు పేరుంది. తమ్ముడన్న మాట ఎక్కడా లేదు.

"లేడమ్మా" అంది.

టైలరమ్మ తలూపింది. ఏడవలేదు. అచ్చు తీసిన కాగితాలు ఒద్దికగా సర్దుకుంటూ, అడుగు కాగితం దగ్గర ఆగింది. "ఇక్కడ కింద మూలన వెనుక చూడుడు అని రాసుందే." కాగితం వెనక్కి తిప్పింది. తెల్లగా ఉంది. మళ్లీ ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పింది. "వెనక ఏం లేదు?"

"ఖాళీ పేజీలు తీసేశామమ్మా. వెనక ఏమీ ఉండి ఉండదు."

"ఏమీ లేకపోతే చూడమని ఎందుకు రాస్తారు?"

తగువులాడటానికి అడిగిన ప్రశ్న కాదది. పిల్లలు అడిగినట్టు అడిగింది. కత్తెరక్క నోరు తెరిచింది. "పాత గుమస్తాల అలవాటమ్మా" అన్న మాట బయటికొచ్చాక, ఈ ముక్క ఇంతకుముందు ఇదే కుర్చీలో కూర్చుని ఎవరికో చెప్పానే అనిపించింది. ఎవరికో వెంటనే తట్టలేదు. టైలరమ్మ సంతకం పెట్టి, టేపు మెళ్లోనే వేసుకుని మెట్లు దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది కత్తెరక్క. ఏమీ లేకపోతే చూడమని ఎందుకు రాస్తారు? ఈగలా ఆ ప్రశ్న ఎంత తోలినా మళ్లీ వచ్చి వాలుతోంది. చివరికి సొరుగు లాగి, గుండుసూదుల కింద నుంచి డిస్కు తీసింది. ఏడో తల్లి ఫైలు. 212 చేరిక కాగితం అందులో ఆరువందల పద్దెనిమిదో పేజీ. ఆ తర్వాతి పేజీ, కోతకు అవతలిది, పెన్నుతో గీతలు గీసిన తెల్ల కాగితం. పై మూలన 213 అని నంబరు.

ఆ నంబరు చూసే కదా ఇక్కడ కోసింది. కొత్త నంబరు, కొత్త బిడ్డ. అయితే చేరిక కాగితమన్నది ఏ ఫైల్లోనైనా అడుగున ఉంటుంది. 213లో మాత్రం మొదటి పేజీయే చేరిక కాగితం. పందొమ్మిది వందల ఫైళ్లలో ఆ ఒక్కటే తలకిందులుగా ఉంది. పదకొండేళ్లూ అది ఆమె కళ్లెదుటే ఉంది.

రెండు పేజీలనూ తెర మీద పక్కపక్కన పెట్టింది. మొదటిదాని పై అంచున కుడి మూల చిరిగి ఉంది. రెండోదానికి ఎడమ మూల చిరిగి ఉంది. ఒక చిత్తు కాగితం తీసుకుని కుడి మూల చింపి, తిప్పి చూసింది. చిరుగు ఎడమకు వెళ్లింది. అవి రెండు కాగితాలు కావు. ఒకే కాగితానికి ముందూ వెనకా. ఇద్దరు పిల్లలు ఒకే రోజున ఒకే చేత్తో వస్తే, ఫారాల కరువులో ఉన్న ఆ గుమస్తా అక్కను ముందు వైపు రాసి, వెనుక చూడుడు అని, తమ్ముణ్ణి వెనక రాశాడు. మళ్లీ అవే పేర్లు రాయడం దేనికని పైదే, పైదే అంటూ నింపాడు. పైదే అంటే పైన రాసినదే. అంతకంటే తేలిక మాట ఏ భాషలోనూ ఉండదు. ఆ పైనున్నదాన్ని కత్తెరక్క కోసేసింది. కోసేసి, నీకు పైన ఎవరూ లేరని ఆ పిల్లవాడి మొహం మీదే చెప్పి పంపింది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. చంకలో ఉన్న పిల్లను తీసి అవతల పడేసి, లేడమ్మా అని చెప్పినవాళ్లకు ఏ సామెతా లేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ గదిలో చూసేవాళ్లెవరూ లేకపోయినా రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఈ సంగతి ఎవరితోనైనా అనాలి. ఎవరితో అనాలో తెలియలేదు. సాయంత్రం గదికెళ్లి రెండో కంచం కూడా తోమింది, ఏదో ఒక పని ఉండాలి కదా.

బుధవారం సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్లింది. ఆయన రిటైరవడానికి ఎనిమిది నెలలుంది. ఆ ఎనిమిది నెలలూ ఏ గొడవా లేకుండా గడిస్తే చాలని ఆయన కోరిక. చెడ్డవాడేం కాదు. అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"చూడమ్మా, పదకొండేళ్ల కిందటి సంగతి. తప్పు జరిగిందని రాస్తే ఎవరు చేశారని అడుగుతారు. నీ పేరే రాయాలి."

"రాయండి సార్."

"నువ్వు రాయమన్నంత మాత్రాన అవదు. ఒకరి ఫైలు సంగతి ఇంకొకరికి చెప్పాలంటే ఇద్దరూ ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి."

"ఒకళ్లున్నారని ఇంకొకళ్లకు చెప్పకుండా ఒప్పుకుంటారా అని ఎలా అడగను సార్?"

"అదే మరి" అన్నాడాయన, చిక్కంతా తేల్చేసినట్టు.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న మాట ఇలాంటి రూలును చూసే పుట్టి ఉంటుంది. కత్తెరక్క తన గదికి వచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి అని పేరు తెచ్చుకున్న మనిషికి, ఆ రోజు మొదటిసారి ఎవరినైనా గట్టిగా కసరాలని అనిపించింది. కసరడానికి ఎవరూ లేక, ఆరేళ్ల కిందటి రిజిస్టరు తీసి బల్ల మీద దబ్బున పడేసింది. అతని అడ్రసైనా ఉంటుందేమోనని పేజీలు తిప్పింది. 213, వెల్డరు, తేదీ, సంతకం. ఆ పక్కన ఎవరూ చదవని గడిలో, గుండ్రటి అక్షరాలతో ఒక ఫోన్ నంబరు, దాని కింద: "నా కోసం ఎవరైనా అడిగితే ఈ నంబరు ఇవ్వండి. ఎవరైనా సరే."

టైలరమ్మ దరఖాస్తు కూడా తీసింది. ఫైలు దేనికి అన్న చోట, "నా తమ్ముడు ఉన్నాడో లేడో తెలుసుకోవడానికి" అని ఉంది. రెండు కాగితాలూ తీసుకెళ్లి సూపరింటెండెంటు గారి ముందు పక్కపక్కన పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివాడు.

"నేను భోజనానికి వెళ్తున్నా" అని లేచాడు. "గంట దాకా రాను. ఫోన్ ఇదిగో, ఇక్కడే ఉంది."

ఆరేళ్ల నాటి నంబరు. మోగితే గొప్పే. మోగింది. అవతల ఇనుము కోస్తున్న చప్పుడు.

"ఎవరండీ?"

ఆమె ఆఫీసు పేరు చెప్పింది. చప్పుడులో వినపడక రెండోసారి చెప్పింది. మిషన్ ఆగిపోయింది.

"ఎవరూ లేరన్నారు కదండీ" అన్నాడు.

"నేను చెప్పింది తప్పు బాబూ. పైదే అంటే తెలియనప్పుడు రాసేది కాదు. పైన ఉన్నదే అని. మీ పైన ఇంకో పేజీ ఉంది. ఫైళ్లు విడగొట్టేటప్పుడు దాన్ని నేనే మీ నుంచి కోసేశాను. మీకు అక్క ఉంది. నిన్న వచ్చింది, మీ కోసం."

అవతల ఏదో ఇనుప ముక్క కింద పెట్టిన చప్పుడైంది.

"ఆరేళ్లలో మూడు ఫోన్లు మార్చానండీ" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "నంబరు మార్చలేదు. అక్కడ రాసొచ్చాను కదా, ఎవరైనా అడుగుతారేమోనని. రెండేళ్లు చూసి, అదొక పిచ్చి అనుకున్నా. అయినా మార్చలేదు." ఆగి, "నా పెళ్లిలో నా వైపు కుర్చీల్లో వర్క్‌షాపు వాళ్లను కూర్చోబెట్టానండీ. మా ఓనరుకు మంచి చొక్కా నేనే కొనిచ్చాను. మీకు అర్థమవుతోందా నేను చెప్పేది?"

"అవుతోంది."

"ఏం అర్థమవుతుంది లెండి" అని పెట్టేశాడు. ఐదు నిమిషాల తర్వాత తనే చేసి ఎప్పుడు రావాలో అడిగాడు.

టైలరమ్మకు చెప్పడం ఇంకా కష్టమైంది. "అమ్మా, ఆ కాగితం వెనక ఖాళీ కాదు. రాసుంది" అంటే, ఏం రాసుందని ఆమె అడగలేదు. రెండున్నరేళ్ల బాలుడు అని కత్తెరక్క చదివి వినిపించాక, ఆమె అడిగింది ఒకటే. "ఈ ముక్క మా ఆయనకోసారి చెప్తారా? పక్కనే ఉన్నాడు, ఫోనిస్తాను." కత్తెరక్క ఆ పెద్దమనిషికి కూడా మొదటి నుంచి చదివి వినిపించింది.

శనివారం పదకొండింటికి రమ్మంది ఇద్దరినీ. ఈలోగా రెండు రోజులు తల్లి ఫైళ్లు మొదటి నుంచి తిరగేసింది, ప్రతి కాగితం కింది మూల చూసుకుంటూ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా పట్టుకోకుండా ఉండలేదు కదా. ఏడు ఫైళ్లయ్యేసరికి ఇంకో నాలుగు చోట్ల వెనుక చూడుడు కనబడింది. మూడింటి వెనక నిజంగానే ఏమీ లేదు. నాలుగోదాని వెనక ఒక బిడ్డకు ఇచ్చిన బట్టల జాబితా ఉంది, ఆ బిడ్డదే. ఇంకా ముప్పై అయిదు ఫైళ్లు మిగిలాయి. ఒక్కోసారి పేజీ తిప్పాలంటే వేలు కదలదు.

శనివారం పొద్దున ముసలి అటెండరును పిలిచి పక్క గది నుంచి ఇంకో కుర్చీ తెమ్మంది. "ఈ గదికి రెండో కుర్చీయా? ఎవరమ్మా వచ్చేది, మంత్రిగారా?" అని సణుగుతూనే తెచ్చి వేశాడు. ఆమె ఆ కాగితాన్ని రెండు వైపులా ఒకే ఠావు మీద అచ్చు తీసింది, ముందు అక్క, వెనక తమ్ముడు. రెండు ప్రతులు. ఆ మిషన్ మీద అలా తియ్యడం ఆమెకు తెలియక ఆరు కాగితాలు పాడయ్యాయి.

టైలరమ్మ పావుగంట ముందే వచ్చింది. ఈసారి టేపు లేదు. వెల్డరు సరిగ్గా పదకొండింటికి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ఏడుపులూ కౌగిలింతలూ ఏమీ జరగలేదు. ఎవరైనా ఊహించుకునేవి అవే కానీ, ముప్పయ్యేళ్ల దూరాన్ని ఒక్క అంగలో దాటడం ఎవరికి వస్తుంది? ఆమె లేచి నిలబడి, తలెత్తి చూసి, "ఇంత పొడుగయ్యావా" అంది. అతనికి ఏమనాలో తెలియక, "అవునండీ" అన్నాడు. అక్కను పట్టుకుని అండీ అన్నాడు. ఆ మాటకు ఆమె రెండో కుర్చీని అతని వైపు జరిపింది. అప్పుడు కూర్చున్నారు, చెరో కుర్చీలో.

కత్తెరక్క కాగితాలు వాళ్ల ముందు పెట్టింది. అతను తనది తీసుకుని, ముందు వైపు చదివాడు, వెనక్కి తిప్పి చదివాడు, మళ్లీ తిప్పాడు. తర్వాత కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఒకదాని వెనక ఒకటి, రెండు వైపుల రాతా కలిసి కనిపించింది. "నువ్వు దేన్నో చప్పరించేవాడివి, గుర్తుందా?" అని ఆమె మెల్లిగా అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. "చెప్పు" అన్నాడు. ఆమె చెప్పసాగింది.

కత్తెరక్క కంప్యూటరు వైపు తిరిగి ఏదో చూస్తున్నట్టు నటించింది. తప్పు నాదే, క్షమించండి అని రెండు రోజులుగా మనసులో అనుకుని పెట్టుకున్న మాటలున్నాయి. అనడానికి సందు దొరకలేదు. అతను ఆమె వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కోపంతోనో, నిజంగానే ఆమె అక్కడున్నట్టు మర్చిపోయో తెలియదు. పది నిమిషాలకు ఇద్దరూ లేచారు. రిజిస్టరు ముందు అక్క రాసింది, తర్వాత తమ్ముడు రాశాడు. బయటికెళ్లి టీ తాగుదామని వాళ్లలో వాళ్లు అనుకున్నారు. గుమ్మం దాకా వెళ్లాక టైలరమ్మ వెనక్కి తిరిగి, "వస్తానమ్మా, మీ మేలు మర్చిపోను" అంది. ఆ మేలు అన్న మాట కత్తెరక్కకు పుండు మీద కారంలా తగిలింది. నవ్వి తలూపింది. మెట్ల మీద రెండు జతల చెప్పుల చప్పుడు కింది అంతస్తు దాకా వినిపించి ఆగిపోయింది.

టీకి నన్ను కూడా రమ్మంటారేమో అని ఎందుకనుకుందో ఆమెకే తెలియదు. అనుకుంది మాత్రం నిజం. చేతిసంచి కూడా దగ్గరగా పెట్టుకుని కూర్చుంది.

అటెండరు వచ్చి రెండో కుర్చీ ఎత్తబోయాడు. "ఉండనివ్వండి" అంది. "ఎవరికమ్మా?" అన్నాడు. ఆమె చేతిసంచి తీసి సొరుగులో పెట్టింది. ఆయన కుర్చీని అక్కడే వదిలేసి వెళ్లాడు.

ఆ రోజు రాకపోకల కింద సంతకం చెయ్యాలి కాబట్టి రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. టైలరమ్మ వరుసలో తల్లి పేరు, తండ్రి పేరు, చేరిక కాగితంలో చూసి ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసి ఉన్నాయి. ఆ కింది వరుస వెల్డరుది. రిమార్కుల గడి ఖాళీగా వదిలేశాడు. ఇక ఎవరికీ నంబరు రాసి వెళ్లాల్సిన పని లేదు. తల్లి పేరు గడిలో, తండ్రి పేరు గడిలో, గుండ్రటి అక్షరాలతో ఒకే మాట.

పైదే. పైదే.

కత్తెరక్క ఆ మాట మీద వేలు పెట్టి, ఒక వరుస పైకి జరిపింది. ఈసారి పైన మనుషులున్నారు. సంతకం చేసి, రిజిస్టరు మూసి, ఎనిమిదో తల్లి ఫైలు తెరిచింది.